కొస జారిన దుప్పటి

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి. రాయడానికి నాకు చాలా రోజులే పట్టాయి, మీకు చదవడానికి అంతసేపు పట్టదు.

ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీలో తడి దుప్పట్లు ఇద్దరిద్దరుగా పిండేవారు. చెరో కొసా పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి మెలిపెట్టాలి. కలిసి పిండినవాళ్లే కలిసి తినేవాళ్లు. పని మధ్యలో కొస వదిలేస్తే నీతో జత నాకొద్దు అన్నట్టే. నోటితో అననక్కర్లేదు.

పొడుగ్గా ఉంటుందని పొడుగమ్మ అని పిలిచే ఆమెకు జత, ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుందని గలగల అనే ఆమె. పొడుగమ్మ మొగుడు పోయాడు, కొడుకులిద్దరూ వేరే కాపురాలు పెట్టారు. ఇంటికి వెళితే గోడలే దిక్కు. అందుకే పగలంతా గలగల కబుర్లకు ఊ కొట్టడమే ఆమెకు పండగ.

ఒక ఏడాది దుప్పటి మెలిపెట్టినప్పుడల్లా పొడుగమ్మకు పొత్తికడుపులోంచి ఏదో కిందికి లాగుతున్నట్టు ఉండేది. ఒకనాడు స్నానం చేస్తుంటే కింద మెత్తగా చేతికి తగిలింది. కొడుకులకు చెప్పే మాట కాదు. కోడళ్లకు చెబితే కొడుకుల చెవిన పడక మానదు. పాతగుడ్డ మడిచి బిగించి కట్టుకుని పనికి వచ్చేది. తుమ్మినా నవ్వినా బట్ట తడిసేది. దాంతో గలగల ఎంత వేళాకోళమాడినా పెదవి బిగబట్టుకునేది.

ఒకరోజు లాగుడు తట్టుకోలేక కొస జారిపోయింది. దుప్పటి బురదనీళ్లలో పడింది. మర్నాడూ అంతే. తనతో జత వద్దనే కొస వదిలేస్తోందనుకుంది గలగల. మేస్త్రీ దగ్గరికి వెళ్లి వేరే జత అడిగింది. మేస్త్రీ పొడుగమ్మను దిండు గలీబులు మడతపెట్టే బల్ల దగ్గర వేశాడు. అక్కడ ఒక్కరే చేసుకోవాలి, ఒక్కరే తినాలి.

నడవడం కూడా కష్టమయ్యాక ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. గర్భసంచి జారిందని, ఇది చాలామంది ఆడవాళ్లకు వచ్చేదేనని, ఇన్నాళ్లు దాచకుండా ఉండాల్సిందని డాక్టరమ్మ చెప్పింది. లోపల నిలబెట్టడానికి రబ్బరు రింగు పెట్టింది. కండరాలు బిగించే కసరత్తు నేర్పింది. బరువులు మాత్రం ఎత్తొద్దంది.

మర్నాడు పొడుగమ్మ నేరుగా గలగల దగ్గరికి వెళ్లింది. కొత్త జతగత్తె అవతలి కొస పట్టుకుని చూస్తోంది.

"కొస నేను కావాలని వదల్లేదే. గర్భసంచి జారి, నిలబడే సత్తువ లేకపోయింది."

గలగల చేతులు ఆగాయి. "నేను జోకేస్తే మొహం మాడ్చుకున్నది కూడా అందుకేనా?"

"నవ్వితే తడిసిపోయేదాన్ని."

"ఇన్నేళ్లు ఎదురుగా నిలబడ్డానే. ఆ ముక్క అంటే నోట్లో ముత్యాలు రాలిపోయేవా? నాకు చెబితే ఊరంతా టముకేస్తాననుకున్నావు."

పొడుగమ్మ అనుకున్నది అదే.

గలగల గొంతు తగ్గించి, మళ్లీ పిండడానికి ఎప్పుడొస్తావని అడిగింది.

"ఇక రాను. బరువు పనికిరాదంది డాక్టరమ్మ."

గలగల తల ఊపింది. కొత్త జతగత్తె వైపు తిరిగి మెలిపెట్టింది. నీళ్లు ఇద్దరి మధ్యా ధారగా పడ్డాయి. పొడుగమ్మ తన బల్ల వైపు నడిచింది. ఒంట్లో లాగుడు లేదు, అడుగు తేలిగ్గా పడుతోంది. ఆ సంగతి చెప్పుకుందామంటే పక్కన ఎవరూ లేరు.

రాసింది: అందరూ చిన్నమ్మ అని పిలిచే మనిషి. వయసు అరవై ఏడు. ఇప్పుడు కూతురింట్లో, మేడమీది గదిలో ఉంటోంది.