చుక్క రాలిన నొవొస్

నా అబద్ధాన్ని పట్టుకోగల మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టాడనీ, ఆయన రిటైర్మెంటుకు రెండేళ్లే ఉన్నాయనీ సోమవారం పదకొండింటికి నాంపల్లిలో తెలిసింది.

మా అక్క వైశాలి పీహెచ్‌డీ సీటు కోసం ఆరు నెలలుగా ఒకే ఒక్క మాట చదువుతోంది. నొవొస్. 'కొత్త' అని అర్థం. లాటిన్ పుట్టకముందు ఇటలీలో మాట్లాడిన భాషలోదట. దాని తల్లి నెవొస్. ఎ కాస్తా ఒ అయింది. మన సంస్కృతంలోని 'నవ' కూడా ఆ తల్లి కడుపున పుట్టిందే. కాకపోతే నొవొస్‌ను రాసి ఉండగా చూసినవాడు లేడు. మనవల ముఖాలు చూసి తాత బొమ్మ గీసినట్టు పండితులు ఊహించి కట్టారు. ఊహ అని తెలియడానికి దాని ముందు ఒక చుక్క, అదే నక్షత్రం గుర్తు, పెడతారు.

ఆరు నెలలు ఇంట్లో చుక్క గోల విన్నవాడు ఏం చేస్తాడు? ఆదివారం ఒక కాగితాన్ని చాయ్‌లో ముంచి ఆరబెట్టాను. దాని మీద రాతి అచ్చులా పెన్సిల్ రుద్ది 'నొవొస్ వియా' అని దించాను. కొత్త తోవ.

"అక్కా, నిన్న ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత బుక్కుల దొరికింది. ఇటలీల ఏదో రాయి మీది అచ్చంట" అన్నాను, సోమవారం పొద్దున టిఫిన్ దగ్గర. ఒక్క నిమిషం ఆటపట్టించి చెప్పేద్దామనే.

అక్క మొదటి మాట చూసి ఏడ్చేసింది. రెండో మాట చూడనే లేదు. ఇక ఊహ కాదని, సీటు కోసం రాసిన వ్యాసంలోని నొవొస్‌ల ముందు నూట పన్నెండు చుక్కలు చెరిపేసింది.

ఇంటర్వ్యూకు వెళ్తున్న ఆటో ఆబిడ్స్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అక్క చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, ఆ కాగితం చూపియ్యకు."

"ఏందిరా సిద్ధూ, కుళ్లా? నిన్న ఆబిడ్స్‌ల దొరికిందని సార్లకు మెయిల్ గూడ కొట్టిన. నీ పేరే పెట్టిన, ఫికర్ జెయ్యకు."

ఇంటర్వ్యూ గదిలోకి నన్నూ పిలిచారు. రెండేళ్లలో రిటైరయ్యే ప్రొఫెసర్ ఫణికుమార్ సార్ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూస్తున్నారు.

"పుస్తకం ఏదయ్యా?"

"వానకు కొట్టుకపోయింది సార్."

"నిన్న వాన పడలేదే?"

"ఆ దుకాణం మీదనే పడ్డది సార్."

ఆయన నవ్వలేదు. కాగితం అక్క ముందుకు జరిపారు.

"అమ్మా, వియా ఏ లింగం?"

అక్క రెండో మాటను అప్పుడు చూసింది. "స్త్రీలింగం సార్."

"దాని పక్కన 'కొత్త' ఏమవ్వాలి?"

"నొవా." ఆ మాట మీద వేలు పెట్టింది. "మగ మాటకు నొవొస్, ఆడ మాటకు నొవా, నపుంసకానికి నొవొమ్."

"మరి ఇక్కడ నొవొస్ ఎందుకుందీ? కొత్త పిల్లోడు, కొత్త పిల్ల, కొత్త ఇల్లు. ఎవరి పక్కన నిలబడ్డా మారని 'కొత్త' మనది. ఈ రాయి చెక్కినవాడు తెలుగువాడమ్మా." ఆయన పెన్నుకు మూత పెట్టారు. "దొంగ సాక్ష్యం తెచ్చినవాళ్లకి సీటివ్వం. ఇది నువ్వు చేసిందేనా?"

అక్క నా వైపు చూడలేదు. ఆయన ఆమె దరఖాస్తును పక్కన పెట్టబోయారు.

"నేనే సార్!" అన్నాను. "నేనే రాసిన. నిన్న ఆబిడ్స్ పోనే పోలే, ఇంట్లనే ఉన్న. అక్కకు ఏం తెల్వది. ఇప్పుడు మీరడిగితే మూడూ చెప్పింది గద సార్. ఆమెకొస్తది. రానిది నాకు."