వాలు మీద కోయని వరుస

ఆదివారం డెకరేషన్. లోయ వదిలి ఎక్కడెక్కడో స్థిరపడ్డ వాళ్ళంతా పూలూ, భోజనాలూ పట్టుకొని కొండమీది శ్మశానానికి వచ్చి, తమ వాళ్ళ సమాధుల మధ్య గడిపే రోజు. ఆ రోజున సమాధి మీద గడ్డి కనిపించిందా, ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే. తీరా శనివారం పొద్దెక్కేదాకా వాన కురిసింది.

"ఆ కింది సమాధుల వరుస కూడా బండెక్కి కోసెయ్, వెర్లీన్," అన్నాడు డెంటన్. గడ్డికోత కాంట్రాక్టు అతనిది. గడ్డి కోసే బండి నడపడం పదకొండేళ్ళుగా ఆమె పని. "దేవదారు కొమ్మలు అడ్డమొస్తాయి. ఆ కడ్డీ మడిచెయ్."

కడ్డీ అంటే సీటు వెనక నిలబడే ఇనుప కమాను. బండి బోల్తా కొడితే కింద మనిషి నలిగిపోకుండా కాపాడేది అదే. పోయిన వేసవిలో దాన్ని మడిచి నడిపినందుకే, తోటి పనివాడు డెల్బర్ట్ బండితో సహా వాగులో పడ్డాడు. ఇప్పటికీ రెండు కర్రల మీద నడుస్తున్నాడు.

"మడవను. తడారేదాకా ఆ వాలు మీదికి బండే తీసుకెళ్ళను."

"అది మీ నాన్న వరుసే కదే తల్లీ! రేపు ఊరంతా చూస్తే మొహం ఎక్కడ పెట్టుకుంటావ్?"

"నాన్న ఏమీ అనుకోడులే. ఈ వారమే వెళ్ళి ఆయన పక్కన పడుకోవాలని నాకు లేదు."

"అయితే బండి తాళం ఇటివ్వు, నేనే కోస్తా. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

వెర్లీన్ తాళం జేబులో వేసుకుంది. ఇంట్లో ఇంకో సంపాదన లేదు. "ఉద్యోగం తీసేసుకో. తాళం మాత్రం సాయంత్రం ఇస్తా. ఈ తడిలో నిన్నూ ఎక్కనివ్వను."

అతను తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె పైన చదునుగా ఉన్న చోట కడ్డీ ఎత్తి, బెల్టు పెట్టుకొని కోసింది. కాస్త ఆరాక, నడుమ వాలును నడుస్తూ తోసే చిన్న యంత్రంతో అడ్డంగా కోసింది. కింది వరుసకి కొడవలి పట్టేసరికి మళ్ళీ వాన దంచింది. తాళం డెంటన్ గుమ్మానికి తగిలించి ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు జనమంతా వచ్చారు. కింద మోకాలెత్తు గడ్డి. డెంటన్ ఊరుకుంటాడా?

"చూడండమ్మా, కన్నతండ్రిని కలుపులో వదిలేసిన కూతుర్ని!"

వెర్లీన్‌కి సిగ్గు ముంచుకొచ్చింది. ఆ వెనకే ఒళ్ళు మండింది. బుట్ట తీసుకొని, చెట్టూ రాయీ పట్టుకుంటూ దిగి, తండ్రి సమాధి పక్కన తడిగడ్డిలోనే చతికిలబడింది. వేయించిన కోడిముక్కల గిన్నె మూత తీసింది.

"తడి వాలు మీద కడ్డీ మడిచి బండెక్కమన్నాడు, ఎక్కలేదు. నా భోజనం ఇక్కడే! వచ్చేవాళ్ళు రండి!"

ఎవరూ కదల్లేదు. ఎనభై మూడేళ్ళ హెస్టర్ అత్త మాత్రం కర్ర తాటించుకుంటూ బయల్దేరింది. కోత కాంట్రాక్టు ఇచ్చే శ్మశానం సంఘానికి పెద్ద ఆవిడే. నాలుగడుగులు వేసిందో లేదో కాలు జారింది. కూలబడ్డది కూలబడ్డట్టే గడ్డి మీద జర్రున జారుకుంటూ వెళ్ళి వెర్లీన్ చేతుల్లో ఆగింది. పైన ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

ముసలమ్మ మూలగలేదు. ఆదివారపు గౌనంతా బురద. అలాగే పైకి చూసింది.

"ఒరేయ్ డెంటన్! తొంభై పౌండ్ల ముసలిదాన్ని, నేనే ఈ వాలు మీద నిలవలేకపోయాను. పదిహేను వందల పౌండ్ల బండి నిలుస్తుందట్రా? దాని మీద, కడ్డీ మడిచి, ఈ పిల్లని పంపిస్తావా? ఆ తర్వాత గొయ్యి తవ్వడానికి నువ్వొస్తావా, నన్ను రమ్మంటావా?"

అందరూ డెంటన్‌నే చూస్తున్నారు.

"రేపు ఏడింటికి పనిలోకి రా, వెర్లీన్," అని గొణిగాడు.

"వస్తా," అంది వెర్లీన్, కొండ మీదున్న వాళ్ళందరికీ వినబడేలా. "వానొస్తే మాత్రం ఈ వరుస మళ్ళీ ఇలాగే ఉంటుంది."