కళ్లు విచ్చిన కాయలు

విశాఖ రేవులో క్రేను నడిపే సీతారామాంజనేయులు 1979 జులైలో నిచ్చెన దిగుతూ జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. సెప్టెంబరు చివర్లో కట్టు విప్పారు. అక్టోబరు నెలాఖరున డాక్టరు ముందు క్రేను ఎక్కి దిగి చూపించాలి. లేకపోతే ఆఫీసులో కుర్చీ ఇస్తారు. పదకొండేళ్లు క్రేను మీద కూర్చున్న మనిషికి ఆ కుర్చీ తలుచుకుంటే అన్నం సయించలేదు.

డాక్టరు నడవమన్నాడు. క్వార్టర్సు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి అడుగులు లెక్కపెడుతూ నడిచేవాడు. నూరు దాటేసరికి కాలు లాగేది, లేదా లాగుతున్నట్టు అనిపించేది.

సీతాఫలాల గంపతో అడవివరం నుంచి వచ్చే చిలకమ్మ వారం రోజులు ఇది చూసింది. గానుగెద్దుకీ ఈ బాబుకీ తేడా ఏమిటని అతని భార్య పద్మావతిని అడిగింది. ఆదివారం తనతో కొండకి పంపమంది, కాయలు కోస్తాడని.

మొదటి ఆదివారం సింహాచలం కొండ వాలులో ఆంజనేయులు పెద్ద కాయలు చూసి ఇరవై రెండు కోశాడు. కృష్ణా జిల్లాలో వాళ్ల పెరటి మామిడికాయలు అలాగే కోసేవాడు. పద్మావతి వాటిని బియ్యంలో పెట్టింది. బుధవారానికి ఒక్కటీ పండలేదు. నల్లబడి బిగుసుకుపోయాయి.

చిలకమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని నవ్వింది.

"ఏటి బాబూ, నిద్రపోతన్న కాయలన్నీ కోసీసినావు. కళ్లు ఇచ్చుకున్నాయో లేదో సూసుకోవా?"

కాయ మీది బుడిపెలని వాళ్లు కళ్లంటారు. కంటికీ కంటికీ మధ్య గీత తెల్లబడితే కోయాలి. రెండో ఆదివారం చిలకమ్మ అది చూపించింది. కొమ్మ వంచాలి, తనూ వంగి చూడాలి, విచ్చుకోకపోతే వదిలేసి ఇంకో చెట్టుకి పోవాలి. ఆంజనేయులు ఒక్కో చెట్టు దగ్గరా ఆగాడు, చూశాడు, కదిలాడు. అడుగులు లెక్కపెట్టడం ఎక్కడ మానేశాడో అతనికే తెలియదు. వెనక్కి తిరిగితే కొండ కింద అడవివరం ఇళ్లు అగ్గిపెట్టెలంత ఉన్నాయి.

అప్పుడు కాలు గుర్తొచ్చింది. జులైలో పడింది దిగేటప్పుడే. రాయి పట్టుకుని కూర్చుండిపోయాడు.

"పిన్నీ, నేను దిగలేను."

చిలకమ్మ తొందరేమీ పడలేదు. చుట్ట ముట్టించుకుంది.

"దిగమని ఎవులన్నారు? వచ్చినప్పుడు కింద నుంచి సూసినావు. సగం కాయలు పైవేపే ఉండిపోనాయి. అయ్యి కోసుకురా."

నిజమే. ఇందాక ఏమీ లేవని వదిలేసిన చెట్లలోనే, పై నుంచి చూస్తే, కాయలున్నాయి. ఒకదానికి నాలుగడుగులు, ఇంకోదానికి ఆరు. భుజాన జోలె నిండింది. తలెత్తేసరికి ఎదురుగా బస్సు ఆగే చోటు. ఆంజనేయులు నిలబడి గట్టిగా నవ్వాడు. క్రేను ఇవ్వకపోతే ఈ బాబు తన బేరానికి పోటీ వచ్చేలా ఉన్నాడని చిలకమ్మ బస్సులో అందరికీ చెప్పింది.

ఆ నెలలో ఇంకో రెండు ఆదివారాలు వెళ్లాడు. కోసినవన్నీ పండాయి. వాటాలేసి క్వార్టర్సంతా పంచిపెట్టింది పద్మావతి.

ముప్పయ్యో తారీఖున డాక్టరు, ఫోర్‌మన్ కింద నిలబడ్డారు. ఆంజనేయులు ఎక్కాడు. క్యాబిన్‌లో కాసేపు కూర్చున్నాడు. ఫోర్‌మన్ రెండుసార్లు పిలిచాక దిగాడు. డాక్టరు విరిగిన కాలు చూపించమన్నాడు.

ఆంజనేయులు ప్యాంటు మడవబోయి ఆగాడు. ఏ కాలో ఒక్క క్షణం ఆలోచించుకోవలసి వచ్చింది.