చెట్లు లేని ఊళ్లో పొగ

తొంభై ఆరు తుఫాను వెళ్లాక మా లంకలో ఒక్క కొబ్బరిచెట్టూ నిలబడి లేదు. బావుల్లో ఉప్పునీళ్లు, వాటిలో ఉబ్బిన గొడ్లు. రోడ్డు లేదు, కరెంటు లేదు, అడిగే నాథుడు లేడు. రేషన్ షాపు తలుపులు విరగ్గొట్టి బలమున్నవాడు బస్తా ఎత్తుకుపోయాడు. నేను వెళ్లేసరికి ఊడ్చిన నేల మిగిలింది.

మా ఇంట్లో మాత్రం, మూత బిగిసిన పాలపొడి డబ్బాలో కాసిని బియ్యం తడవకుండా ఉన్నాయి. మా పాప హెలెన్‌కి జ్వరం. నోరంతా పూసి ఏమీ మింగలేకపోతోంది. గంజి పడితే పిల్ల బతుకుతుందని నా భార్య వీరమ్మ ఆశ.

నానిన అగ్గిపుల్లలు ఎండబెట్టి ఎలాగో ఒకటి వెలిగించాను. పడిపోయిన చెట్ల బొండాలు కొట్టిస్తే, వీరమ్మ ఆ నీళ్లతోనే ఎసరు పెట్టింది. పొయ్యిలోకి తడి మట్టలే గతి.

అక్కడే నా బుద్ధి గడ్డి తింది. చెట్లున్నప్పుడు ఎవరింటి పొగ వాళ్ల ఆకుల్లోనే కలిసిపోయేది. ఇప్పుడు ఊరంతా బోడిగుండు. మా పొగ ఒక్కటే నిలువునా లేచింది.

పిల్ల నోరు కాలుతుందని వీరమ్మ గంజి దించి చల్లార్చడానికి పెట్టింది. అంతలోనే ఊళ్లోవాళ్లు వచ్చారు. కర్రలతో వచ్చినా బావుండేది. గిన్నెలతో వచ్చారు. పిల్లల్ని ముందు కూర్చోబెట్టారు. హెలెన్‌కి పురుడు పోసిన సూరమ్మ కూడా నేలచూపులు చూస్తూ కూర్చుంది.

చివర్న వెంకటరాజు గారు. పెళ్లి కాకముందు నుంచీ ఆయన తోటల్లోనే చెట్లెక్కి కాయలు దింపాను. దాహమంటే దోసిట్లోకి పైనుంచి పోయించేవారు. ఇప్పుడు మనవడిని చంకనేసుకొచ్చారు.

"వీడికి రెండు గరిటెలు పొయ్యవే వీరమ్మా. పొద్దుట్నుంచి ఏడవడం కూడా మానేశాడు."

"మా కుండలో వండిందండి."

"దెప్పడానికి ఇదా సమయం?"

వీరమ్మ నావైపు చూసింది. బొండాల కత్తి నా చేతిలోనే ఉంది. ఎవరి మీద ఎత్తను? ముందు వరసలో అందరూ హెలెన్ ఈడువాళ్లే. కింద పెట్టేశాను. దాన్ని వాళ్లు ఒప్పుకోలు అనుకున్నారు.

ఎవరూ లాక్కోలేదు. మంచోళ్లే, చర్చిలో నా పక్కన కూర్చునేవాళ్లే. ఒక్కొక్క గరిటె ముంచుకున్నారు. పిల్లకి కాస్త ఉంచండని వీరమ్మ అంటూనే ఉంది. సూరమ్మ వెళ్లేముందు లోపలికెళ్లి హెలెన్ నుదురు తడిమి పోయింది.

వీరమ్మ కుండ అడుగు వేలితో గీకుతోంది. అది ఎప్పుడో చల్లబడిపోయింది.

లోపల్నుంచి హెలెన్ అడిగింది.

"చల్లారిందా నాన్నా?"

"ఇంకా లేదమ్మా," అన్నాను.