ఆనపకాయ మీద నేర్చిన సూది

కోదాడ మిషన్ దవాఖాన వంటగదిలో కూరకు ఆనపకాయ మిగలడం లేదు. నర్సు చదువుకు చేరిన సాలమ్మ కనబడ్డ కాయకల్లా సూదులు పొడిచేది. డాక్టరు లేని ఆ దవాఖానలో వైద్యమూ చదువూ చూసే సిస్టరమ్మ మందుల కోసం సూర్యాపేట పోయింది. పోలీసు చర్యకు వచ్చిన మిలిటరీ మునగాల దగ్గర దారి ఆపేయడంతో అక్కడే చిక్కుబడింది. పోయేముందు, "నేను లేనని కూర్చోకు. నీకేది రాదో నువ్వే చూసుకుని నేర్చుకో" అని చెప్పింది.

బిడ్డ సాలమ్మకు తోడుగా మిర్యాలగూడ నుంచి వచ్చిన సువార్తమ్మకు ఆ మాట విన్నప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు.

"చెప్పేటోళ్లు లేని చదువేందే? సూది లోపల్నే ఇరిగితే? మనిషి సస్తే?"

"ఆనపకాయ సస్తదా అమ్మా?" అని నవ్వేది సాలమ్మ.

ఒక మధ్యాహ్నం ఆ నవ్వు ఆగిపోయింది. ఊళ్లో ఉండే గోపమ్మ తన మూడేళ్ల కూతురిని భుజాన వేసుకొచ్చి వరండాలో కూలబడింది. చలిజ్వరం. పొద్దుటి నుంచి పిల్ల కళ్లు తెరవలేదు, ఏడవలేదు. నోట్లో పోసిన క్వినైన్ పెదవుల పక్క నుంచి కారిపోతోంది. ఇక సూదిమందే గతి. మందు ఉంది, ఇచ్చే చెయ్యే లేదు.

"నీ కాళ్లు మొక్కుత, ఏదన్న జెయ్యి బిడ్డా" అంది గోపమ్మ.

సాలమ్మ సూదిని మరిగే నీళ్లలో వేసింది. సువార్తమ్మ ఆమెను పక్క గదిలోకి లాగింది.

"వద్దే, పొమ్మను. పిల్లకేమన్నయితే వాళ్లోళ్లంత మన మీద పడతరు."

"పొమ్మంటే పిల్ల తొవ్వలనే పోతదమ్మా."

 సువార్తమ్మ తలుపు మూసి గోడ వైపు తిరిగింది. చీర నడుం కిందికి జార్చింది.

"ముందుగాల నన్ను పొడు. మనిషిని పొడిస్తే ఎట్లుంటదో సూస్కో."

మందు లేని సూది తుంటిలో దిగింది. సువార్తమ్మ వాడంతా వినబడేలా కేక పెట్టింది.

"సచ్చిన్నే! మడిమె దాక మంట బోయింది! కాలు పడిపోయిందే నాకు!"

సాలమ్మ సూది బయటికి లాగేసింది. నరం తగిలింది! ఆనపకాయకు ఎక్కడ పొడిచినా ఒకటే. మనిషికి అట్లా కాదు. వేలితో తడుముతూ నడుం ఎముక వైపుకు, పైకి, బయటి పక్కకు జరిగింది.

"ఇంకొక్కసారమ్మా."

"సంపుతవా ఏంది నన్ను?" అంటూనే సువార్తమ్మ కదలకుండా నిలబడింది. సూది మళ్లీ దిగింది.

"ఇప్పుడు?"

"గండుచీమ కుట్టినట్టుంది. కాలుకేం గాలే."

సూదిని మళ్లీ మరిగించి మందు నింపారు. సువార్తమ్మ కుంటుకుంటూ వచ్చి పిల్ల పాదాలు పట్టుకుంది. "ప్రభువా, ప్రభువా" అంటూ కళ్లు గట్టిగా మూసుకుంది. సూది దిగింది. పిల్ల కెవ్వుమంది.

"ఏడ్చింది! నా తల్లి ఏడ్చింది!" అని గోపమ్మ తానూ ఏడ్చింది.

పిల్ల రెండు కాళ్లూ తన్నింది. సాలమ్మ గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. సువార్తమ్మ మాత్రం పాదాలు వదల్లేదు. పిల్ల కాస్త సద్దుమణిగితే చాలు, బొటనవేలు గిల్లేది. పిల్ల మళ్లీ ఏడ్చేది.

"జర పండనియ్యవేందమ్మా!" అని కసిరింది గోపమ్మ.

"పన్నదో, ఇంకేమన్ననో నాకెట్ల తెలుస్తది?" అంటూ సువార్తమ్మ మళ్లీ గిల్లింది.