వెండి రంగు వేసిన తుపాకి

గడ్డికి నీళ్లు పట్టడం అయిపోయాక దయానందం పైపును చుట్టచుట్టి గోడకు తగిలించాడు. తర్వాత, ఎవరూ చెప్పకపోయినా, తడిగుడ్డతో గేటు తుడిచాడు. చిన్న మంగళారంలోని ఆ ఫామ్‌హౌస్‌కు యజమాని నెలకోసారి వస్తాడు, ఒక్కోసారి అదీ రాడు. అయినా గేటు మీద దుమ్ముంటే దయానందానికి అన్నం సయించదు. కుండీలకు ఎర్రమట్టి జాజు పూస్తాడు, చెట్ల మొదళ్లకు సున్నం కొడతాడు, తుప్పు కనిపించిన చోటల్లా ఇంత రంగు పులుముతాడు. ఈ పిచ్చి వాళ్ల నాయన నుంచి వచ్చింది. సంతకు తోలుకుపోయే ముందు ఎద్దును కడిగి, కొమ్ములు చెక్కి, వాటికి రంగు వేసి, మెడకు కొత్త తాడు కట్టనిదే ఆ మనిషి ఇల్లు కదిలేవాడు కాదు.

గేటు మెరిశాక దయానందం తన గదిలోకి వెళ్లి, మంచం కింద దుప్పటిలో చుట్టిపెట్టిన ఎయిర్‌గన్ను బయటికి తీశాడు.

అది యోసేపుది. యోసేపు ఆయనకు బావ, చనిపోయిన అక్క రాహేలు భర్త. ఇప్పుడు ఫామ్‌హౌస్‌లున్న ఈ నేలలో ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి. పళ్ల మీద వాలే పిట్టలను కొట్టమని తోట యజమాని యోసేపుకు ఈ గన్ను ఇచ్చాడు. తోట అమ్ముకుని పోతూ, నువ్వే ఉంచుకోమన్నాడు. ఎక్కడో విదేశంలో తయారైనది. నల్లటి గొట్టం మీద ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉండేవి. యోసేపు గన్ను పట్టుకుని ముందు నడుస్తుంటే దయానందం రేకుడబ్బా వాయిస్తూ వెనక నడిచేవాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా, నేనూ పేల్చి చూస్తానని అడగలేదు. అడిగితే బావ ఇచ్చేవాడే. అడగడం ఆయనకు చేతకాదు.

యోసేపు ఇప్పుడు మంచం పట్టాడు. చూపు ఆనదు. పోయేలోగా రాహేలు సమాధికి పేరు చెక్కిన రాయి పెట్టించాలన్నదొక్కటే ఆయన కోరిక. మట్టిదిబ్బ వానలకు చదునైపోయింది, కొయ్య సిలువను చెదలు తినేశాయి.

"మీ అక్క ఏడ పండుకున్నదో నాకే గుర్తువడ్తలేదురా. దీనికెంతొస్తదో అడుగు. రాయికి సరిపోతే అమ్మెయ్యి" అని గన్ను దయానందం చేతికిచ్చాడు.

చేవెళ్లలో పాత వస్తువులు కొనే ఉదయ్‌భాస్కర్‌కు యోసేపు కూతురు దీవెన ఫోన్‌లో ఫోటో పంపింది. తెస్తే చూసి ధర చెబుతాననీ, రాయి ఖర్చుకు మించే రావచ్చనీ అతనన్నాడు. ఆ మాట విన్నాక దయానందానికి కాలు ఒకచోట నిలవలేదు. అంత విలువైన వస్తువును ఆ అవతారంలో ఎలా తీసుకుపోవడం? గరుకు కాగితంతో తుప్పంతా గీకాడు. కట్టెకు వార్నిష్ పట్టించాడు. గొట్టానికి గేటుకు వేయగా మిగిలిన వెండి రంగు మందంగా పూశాడు. యజమానిని అడగకుండా తీసిన రంగు అది. అక్క కోసమే కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

చేవెళ్లలో ఉదయ్‌భాస్కర్ వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. గల్లా దగ్గర తాత భద్రయ్య కూర్చుంటాడు, వెనక గదిలో మనవడి పాత సరుకు ఉంటుంది. దయానందం దుప్పటి విప్పి, గన్నును రెండు చేతులా బల్ల మీద పెట్టాడు. ఉదయ్‌భాస్కర్ దాన్ని చూశాడు, ఫోన్‌లో ఫోటో చూశాడు, మళ్లీ గన్ను చూశాడు.

"ఇది గదేనా కాకా?"

"గదే సారు. జర మంచిగ చేసి తెచ్చిన."

ఉదయ్‌భాస్కర్ గుండు పెట్టే చోట గొట్టాన్ని వంచి, మూసి, మెల్లగా కింద పెట్టాడు.

"ఎందుకేసినవ్ కాకా? కొనేటోళ్లకు ఆ నలుపే కావాలె, ఆ పాతదనమే కావాలె. ఇప్పుడు రంగు గీకినా అది మల్ల రాదు."

"మరి ధర?"

"ఇనుము ధర. అంతకు జర ఎక్కువిచ్చిననంటే అది నీ మీద పాపమనిపించి ఇచ్చినట్టే."

గల్లా దగ్గర నుంచి భద్రయ్య, "పోనియ్యిరా, ఆయనకు చాయ్ తాపియ్యి" అన్నాడు. తిట్టినా బాగుండేది. చాయ్ వద్దనడం తెలియక దయానందం నిలబడే తాగాడు. చేతి గోళ్ల చుట్టూ ఇంకా పోని వెండి రంగు చూసుకుని, చేతులు దుప్పటి కింద దాచుకున్నాడు.

షేర్ ఆటోలో దుప్పటి జారి గొట్టం తళతళా బయటపడింది. పక్కన కూర్చున్నామె, "పెండ్లి బ్యాండోళ్లదా పెద్దాయనా?" అని అడిగింది. ఆయన అవునన్నట్టు తల ఊపాడు.

హిమాయత్‌నగర్‌లో దిగి, ఊళ్లోని బావ ఇంటికి నడుస్తూ, ఉన్నదున్నట్టు చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు.

"ఎంతన్నడు?" మంచంలోంచే యోసేపు అడిగాడు.

"మల్ల చెప్తనన్నడు బావ." మాట దానంతటదే వచ్చేసింది. ఇంత వయసొచ్చి, చావుకు దగ్గరైన మనిషితో అబద్ధమాడాడు.

"ఇటియ్యి."

యోసేపు గన్నును పక్కలో పెట్టించుకున్నాడు. బొటనవేలు అలవాటైన దారిలో గొట్టం మీద పాకి, అక్షరాలుండాల్సిన చోట ఆగింది. ముందుకూ వెనక్కూ వెతికింది. అంతా నున్నగా ఉంది.

"రంగేసినవా?"

"ఏసిన బావ."

"మెరుస్తున్నదా?"

"మెరుస్తున్నది."

"మంచిదే తియ్యి. అచ్చం మీ నాయన తీరే."

దయానందం అక్కడ కూర్చోలేకపోయాడు. బయటికొచ్చి తొట్టిలో నీళ్లతో ముఖం కడుక్కుని, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. లోపల ఎలుక గీకుతున్నట్టు సన్నగా చప్పుడవుతోంది. బావ ముఖం చూడలేక తల తిప్పలేదు. ఆ చప్పుడు ఎప్పుడాగిందో ఆయనకు తెలియదు.

ఎండ వాలాక గంజి పట్టుకుని లోపలికెళ్లిన దీవెన, గిన్నెతోనే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"మామా, బాపు లేస్తలేడు."

చర్చి నుంచి నలుగురు వచ్చారు. బావకు స్నానం తానే చేయిస్తానన్నాడు దయానందం. ఒళ్లంతా కడిగి, తల తుడిచి, చేతులు కడుగుతుంటే కుడి బొటనవేలి గోరు కింద వెండి రంగు కనిపించింది. ఆయన వంగి, యోసేపు చెవి దగ్గర, "బావా, నేనే పాడు చేసిన. ఇగ అది అమ్ముడుపోదు" అన్నాడు. దుమ్ము కనబడితే ఊరుకోని మనిషి ఆ గోరును మాత్రం అలాగే వదిలేశాడు.

రాహేలు ఉండవచ్చని అందరూ అనుకున్న చోటు పక్కనే యోసేపును పూడ్చారు. తిరిగొచ్చేసరికి మంచం ఎత్తి గోడకు నిలబెట్టి ఉంది. దాని పక్కనే గన్ను ఆనించి ఉంది. గొట్టం మీద గోటి మేర వెండి రంగు లేచిపోయి, నల్లగా, ఒకే ఒక్క అక్షరం బయటపడి ఉంది.