తడి తగలకూడని మూడు రోజులు

బిందుమాధవిది మామూలు జుట్టు కాదు మరి. అన్నీ రింగులు. దువ్వెన పెడితే దువ్వెన పళ్ళే ఊడొచ్చేవి. బళ్ళో పిల్లలు పిచ్చుకగూడన్నారు, అత్తారింట్లో తోడికోడలు కొబ్బరిపీచంది. ఆ జుట్టు లోకంలో ఒక్కరి మాటే వినేది, వాళ్ళమ్మ వెంకటరావమ్మ మాట. ఆదివారం వచ్చిందంటే కూతుర్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని, వెచ్చటి ఆముదం పాయపాయకీ పట్టించి, చిక్కంతా తీసేసరికి రెండు గంటలు పట్టేది. మిరపకోతల రోజుల్లో అయితే ముందు పుల్లమజ్జిగతో చేతులు రుద్దుకునేది. వేలు తన పెదవికి ఆనించుకుని, మంట లేదని తేలాకే పిల్ల తల ముట్టుకునేది. కూతురు పెళ్ళయి గుంటూరు వెళ్ళాక కూడా అంతే. నెలకోసారి వస్తే ముందు నూనెగిన్నె, ఆ తర్వాతే అన్నం. ఇవి మా అమ్మ రింగులే అని మురిసిపోయేది ఆ తల్లి.

బిందుకి మాత్రం ఆ రింగులంటే ఒళ్ళుమంట. ఆరేళ్ళుగా గుంటూరులో బట్టల షాపులో పనిచేస్తోంది. పట్టుచీరల కౌంటర్‌లోకి మనిషి కావలసి వచ్చినప్పుడల్లా మేనేజరు ఆమె తలవంక ఒకసారి చూసి, వెనక చీరలు మడతపెట్టే గదికే పంపేవాడు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల ముందుకెళ్ళి నిలబడింది. ఆ ఉక్రోషంతో ఏడాదిపాటు మొగుడికి తెలియకుండా బియ్యం డబ్బాలో దాచి, ఐదువేలు కాగానే ఒక గురువారం సెలవు పెట్టి స్ట్రెయిటెనింగ్‌కి వెళ్ళింది. తప్పా? ఏం తప్పు? తన కష్టం, తన తల. మగాడు అంతకి రెట్టింపు పోసి ఫోన్ కొనుక్కొస్తే అడిగే నాథుడున్నాడా!

పన్నెండింటికి పార్లర్ కుర్చీలో కూర్చుంటే లేచేసరికి సాయంత్రం ఐదు. అద్దంలో ఎవరో ఉన్నారు. నడుం దాకా నున్నగా జారిన జుట్టు. బిందుకి ఏడుపొచ్చేసింది, సంతోషంతోనే. పార్లర్ అమ్మాయి షమా మాత్రం గట్టిగా చెప్పి పంపింది. మూడు రోజులు నీళ్ళు తగలకూడదు, నూనె చుక్క పడకూడదు, జడ వెయ్యకూడదు, చెవి వెనక్కి కూడా తొయ్యకూడదు. ఆదివారం సాయంత్రం ఐదింటి దాకా ఆగాలి, లేకపోతే ఐదువేలూ బూడిదలో పోసిన పన్నీరే.

శుక్రవారం పొద్దున్నే అమ్మ ఫోను.

"ఒంట్లో నలతగా ఉందే బిందూ. ఒకసారి వచ్చిపోకూడదా? నీ తల దువ్వి నెల దాటింది."

బిందు గుండె గతుక్కుమంది. అమ్మ నలతకి కాదు, తల దువ్వుతానన్నందుకు. వెళితే నూనెగిన్నె సిద్ధంగా ఉంటుంది. వద్దంటే అమ్మ మొహం చిన్నబోతుంది. ఆ మొహం ఎదుట కాదనగలిగే గట్టి మనిషి కాదు బిందు. నిజం చెప్పేస్తే పోయేది. చెప్పలేదు.

"షాపులో స్టాక్ చూస్తున్నారమ్మా. సోమవారం పొద్దున్నే వచ్చేస్తా."

"సరేలే. సోమవారమేగా," అంది వెంకటరావమ్మ.

ఊరెంత దూరమనీ? బస్సెక్కితే గంట.

శుక్రవారం షాపుకి రాని మేనేజరు శనివారం బిందుని చూసి, పట్టుచీరల కౌంటర్ వైపు చెయ్యి చూపించాడు. ఆ సంబరంలో అమ్మకి ఎలా ఉందో కనుక్కోవడమే మరిచిపోయింది.

ఆదివారం పదింటికి, కొత్త పెళ్ళికూతురికి చూపించడానికి చీర భుజం మీద వేసుకుని నిలబడి ఉండగా ఫోను మోగింది. అమ్మ పక్కింటి జైతున్‌బీ. పొద్దున కాఫీ తాగి అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. ఆర్‌ఎంపీ వచ్చేసరికే అయిపోయిందట.

ఇంటి ముందు జనం. విరబోసిన జుట్టు మొహం మీద పడుతుంటే బిందు లోపలికి పరుగెత్తింది. ఎవరమ్మా ఈ అమ్మాయి అని ఒక ముసలమ్మ అడిగింది. పుట్టి పెరిగిన ఇంట్లో! జైతున్‌బీ దగ్గరికి తీసుకుని తల నిమరబోయింది. చెయ్యి నున్నగా జారిపోయేసరికి ఆగి, ఆ జుట్టుకేసి చూసింది.

"సోమవారం నువ్వొస్తావని ఆముదం కాచి పెట్టుకుందమ్మా," అంది. "నిన్న మేస్త్రి కోతకి పిలిచినా పోలా. మూడు రోజులు మిరపకాయే ముట్టుకోలా. చేతులు మండుతుంటే నా బిడ్డ తల ఎట్టా దువ్వేదీ అంది."

బిందు అమ్మ చేతులు రెండూ పట్టుకుని వేళ్ళు తన పెదవులకి ఆనించుకుంది. మంట లేదు. చల్లగా ఉన్నాయి. అమ్మా, అబద్ధం చెప్పానే, నూనె పెడతావని రాలేదే అని గొంతు పోయేలా ఏడ్చింది. వినాల్సిన మనిషి వినలేదు.

కబురందుకుని వచ్చిన బిందు తమ్ముడు కుండ పట్టుకుని ముందు నడిచాడు. శవం లేచాక ఆడవాళ్ళని స్నానాలకి పిలిచారు. అప్పటికి నాలుగు. షమా పెట్టిన గడువుకి ఇంకా గంటుంది. బిందు తనే చెంబు అందుకుని నెత్తిన పోసుకుంది. ఇంకో చెంబు. ఇంకోటి. పాడైపోవాలి, ఐదువేలూ మట్టిలో కలవాలి, ఆ దిక్కుమాలిన రింగులన్నీ తిరిగి రావాలి. తొట్టి ఖాళీ అయిందాకా పోసుకుంటూనే ఉంటే, దుఃఖంలే అనుకుని ఎవరో చెంబు లాక్కున్నారు.

జుట్టు ఆరింది. ఒక్క రింగూ రాలేదు. షమా పనిమంతురాలు.

మైల తీరేదాకా నూనె ముట్టకూడదు. పెద్దకర్మ అయిన మర్నాడు, అమ్మ కాచిన ఆముదం వెచ్చచేసుకుని బిందు అరుగు మీద కూర్చుంది. వేళ్ళు ముంచి తలకి పెట్టుకుంది. మాడు మీద పెట్టిన వేళ్ళు ఎక్కడా ఆగకుండా కొసల దాకా జారిపోయాయి. ఒక్క చిక్కయినా తగులుతుందేమోనని మళ్ళీ మళ్ళీ వెతికింది. తగల్లేదు. అమ్మకి రెండు గంటలు పట్టే పని నిమిషంలో అయిపోయింది.